ఆరువేల అయిదువందల చిల్లర

అచ్చంపేటల ఎక్కిండు, పొద్దు పొడవకముందే.
నీలం సూట్‌కేసు, దాని పిడికి ఎర్ర రిబ్బను ముడి.
తుక్కుగూడకు ఒకటి, అన్నడు.
ఆడికెల్లి ఆటోల విమానాల కాడికి.

బస్సంత ఆడోళ్లు, అన్నీ జీరో టికెట్లు.
పైసలిచ్చేటోడు ఒక్కడు దొరికితె
వాడు సుత పెద్ద నోటే.
టికెట్ వెనకాల పద్దెనిమిది అని గీకి
చుట్టూ సున్న చుట్టిన.
దిగేటప్పుడు అడుగు తమ్మీ, మరువకు.

హాజీపూర్ దాటినంక సీట్ల కూలబడ్డ.
యాడికి పోతున్నవంటె, లుసాకా అన్నడు.
ముడావత్ లచ్చిరాం, మన్ననూరు దిక్కు తండ,
బోరు రిగ్గు మీద హెల్పరు.
ఈడ ఎనిమిదొందల ఫీట్లు దించినా దుబ్బ లేస్తున్నదట,
ఆడ నూటయాభైకే నీళ్లట.
కిందికి దొరకలేదని
అడ్డంగ పోతున్నవన్నట్టు, అన్న.
నవ్విండు, పూర్తిగ కాదు.

ఎంత దూరమొస్తది?
నా నోట్ల ఎప్పటికి నానే మాటనే.
ఫోన్ చూపిచ్చిండు:
ఆరువేల అయిదువందల చిల్లర కిలోమీటర్లు,
ఎనిమిదిన్నర గంటలు.
గింతేనా? శివరాత్రికి మన్ననూరు గేటు కాడ
అంతసేపు నిలబడ్డం ఒకసారి.
"గది నేరుగ పోతెనక్కా. నేరుగ పోయేది లేదు.
దుబాయిల తొమ్మిది గంటలు కూసోవాలె."

గా ముచ్చట నాకెరుకే.
స్టేజీల కాగితం మీద కిలోమీటర్లే ఉంటయి.
డిండి కాడ మంచు, వంగూరు గేటు కాడ గొర్లమంద,
ఆమనగల్లుల పంచరైన టైరు,
కడుపుల తిప్పి కిటికీల తల పెట్టిన పిల్ల:
ఇవి ఏ స్టేజీల రాయరు.
నిలబడ్డ సేపుకు టికెట్ కొట్టే మిషను
ఇంక రాలే.

వెల్దండ దాటినంక లెక్క ఊకోలే.
పోను రాను రెండొందల యాభై,
నెలకు ఇరవయ్యారు డ్యూటీలు.
ఏళ్ల మీద లెక్కవెట్టిన, నమ్మక మల్ల వెట్టిన:
ఆరువేల అయిదువందలు.
అంటె పదిహేనేండ్ల సంది
నెలకొక లుసాకా పోతున్న నేను,
రోజు రాత్రి డిపోల పైసలు కట్టి
ఇంటికొచ్చి గిన్నెలు తోముకుంట.
జహంగీరన్నకు చెప్తె
గేరు మార్చుకుంట అన్నడు:
"మరి నా పాస్‌పోర్టేది?"

తుక్కుగూడల దిగిండు.
సూట్‌కేసు అందిచ్చిన, రైట్ అన్న.
అప్పటికి సంచిల బిళ్లలు గలగలమంటున్నయి,
కడ్తాల కాడ్నే ఒకాయన ఇచ్చిండు.
వాడు అడగలే. నేను ఇయ్యలే.
చాంద్రాయణగుట్టల యాదికొచ్చింది.

రాత్రి క్యాష్ లెక్క చూస్తె పద్దెనిమిది ఎక్కువ.
తక్కువొస్తె నా జీతంల కోస్తరు,
ఎక్కువొస్తె ఏ గడిల రాయాల్నో
పదిహేనేండ్లల ఎవ్వరు చెప్పలే.
దుబాయిల కుర్చీల కూసోని
జేబుల టికెట్ తీసి చూసుకుంటున్నడో ఏమో,
వెనకాల నా రాత, చుట్టూ సున్న.

బిళ్లలు కాగితంల చుట్టి రబ్బరేసి
సంచి లోపలి అరల పెట్టిన.

రేపు పొద్దుగాలకు మా ఇద్దరి నడుమ
ఆరువేల అయిదువందల చిల్లర.

చిల్లర నా కాడున్నది.