నీళ్ళు సమమయ్యేదాకా

సైకిల్ చైను తెగింది
బింగ్లీలో, కాలువ గట్టు మీద,
అక్టోబరు మంగళవారం, ఎనిమిదీ పదికి.
తొమ్మిదింటికి షిప్లీలో మీటింగు.
సంచిలో ఇరవైరెండు కర్టెన్ డిజైన్లు,
ఇరవైరెండూ పోయినేడాదివే, రంగు మార్చినవి.
ఆ సంగతి నాకు తెలుసు, నా కంప్యూటరుకి తెలుసు,
ఇంకెవరికీ తెలీదనుకుంటున్నాను.

మార్చి నుంచి చేతికి ఒక్క పువ్వూ రాలేదు.
ఆకు గీస్తే ఆకు రాదు,
ఆకు అనే మాట వస్తుంది.
పాలు పెట్టి పొంగేదాకా నిలబడలేనిదాన్ని.
ఒక కన్ను గిన్నె మీద, ఒక కన్ను మెయిలు మీద,
మాడిన వాసనొస్తే కిటికీ తెరిచేదాన్ని,
అదొక్కటే ఆ రోజుల్లో నేను తెరిచింది.

లాకుల దగ్గర ఒక ముసలాయన.
నీలం లైఫ్ జాకెట్టు, నెరిసిన కనుబొమలు,
వారానికి రెండు రోజులు, జీతం లేని కొలువు.
పేరు వెర్నన్ అని తర్వాత చెప్పాడు.
"చైను ఎక్కడికీ పోదులే, ఈ దూలం పట్టు" అన్నాడు,
బతిమాలినట్టూ కాదు, ఆజ్ఞాపించినట్టూ కాదు,
ఉప్పందించమన్నట్టు.

మెట్లలా ఐదు లాకులు.
అడుగున ఆకుపచ్చ పడవ,
దాని కప్పు మీద కుండీలో ఉల్లికాడలు,
ఉల్లికాడల పక్కన ఎవరినీ లెక్కచేయని కుక్క.
నల్లటి దూలానికి నడుమానించి తోశాను.
కదల్లేదు.
ఇంకా గట్టిగా తోశాను, మీటింగునంతా కలిపి తోశాను.
కుక్క ఆవలించింది.

"పై గది దిగాలి, కింది గది నిండాలి.
రెండూ సమమయ్యేదాకా పదిమంది తోసినా రాదు,
అయ్యాక చంటిపిల్ల తోసినా వస్తుంది"
అని ఫ్లాస్కు మూత తిప్పుకున్నాడు.

సంచిలో ఫోను తుమ్మెదలా కొట్టుకుంది. ఫిలిపా.
కొట్టుకుని కొట్టుకుని ఊరుకుంది.
పరిగెత్తి పాలు తాగేకన్నా
నిలబడి నీళ్ళు తాగమన్నారు కదా,
తాగడానికి పనికొచ్చే నీళ్ళు కావివి,
చూడ్డానికి నిలబడ్డాను.

టీ డికాక్షన్ రంగులో సుడులు.
గేటు పగుళ్ళలోంచి సన్నగా కారే ధార,
దాని తడితో బతికే పేరు తెలీని నాచు.
గట్టు రాతి మీద గాళ్ళు,
పడవల తాళ్ళు రెండువందల ఏళ్ళుగా కోసినవి.
వేలు పెట్టి చూశాను, వేలు పట్టింది.
ఏ రెండు గాళ్ళకీ మధ్య దూరం ఒకటి కాదు,
అయినా ఏ ఒక్కటీ తప్పు చోట లేదు.

పెడనలో అద్దకం నేర్పిన వరహాలమ్మ
కరక్కాయ నీళ్ళలో గుడ్డ ముంచి చెప్పేది:
"గుడ్డలోకి రంగు పోతందో, రంగులోకి గుడ్డ పోతందో
అది తేలేదాకా ముట్టుకోమాక."
అప్పుడు నాకు ఇరవై.
బస్సు టైము చూసుకున్నాను.

ఎంతసేపయిందో.
దూలం నా నడుము కింద తనంతట తనే
కాస్త కదిలినట్టయింది,
నిద్రలో పక్కకి ఒత్తిగిలే మనిషిలా.
తోశాను. తోయనక్కర్లేదు, వెంట నడిచాను.
ఉల్లికాడలు నా పాదాల ఎత్తుకి వచ్చాయి.

పదిన్నరకి చేరాను, చేతులకి గ్రీజుతో.
"కొత్తవేం లేవు" అన్నాను.
"తెలుసు" అంది ఫిలిపా,
"మే నెల నుంచీ తెలుసు."
టిష్యూల డబ్బా నా వైపు జరిపింది,
గ్రీజుకో దేనికో.

తర్వాతేం అద్భుతం జరగలేదు.
పదకొండు రోజులు ఏమీ గీయలేదు.
పన్నెండో రోజు
కరెంటు బిల్లు వెనక
ఏటవాలుగా నాలుగు గీతలు.
ఎవరికీ చూపించలేదు. ఇంకా నానాలి.

నిన్న పాలు పెట్టి
పొంగేదాకా కదలకూడదని ఒట్టేసుకున్నాను.
పైన తరగలో కిటికీ, కిటికీలో మబ్బు,
మబ్బు గిన్నె అంచు దాకా వెళ్ళి ఆగింది.
చాలాసేపు నిలబడ్డాను.
పొంగలేదు.
స్టవ్ వెలిగించనేలేదు.