పసుపు తిరగని నీళ్ళు

నీళ్ళు వదిలే రోజు తెల్లారి నాలుగింటికే
ట్యాంకు మెట్లెక్కుతాను.
నూట పద్దెనిమిది.
లెక్క నాది కాదు, మోకాళ్ళది.

బ్లీచింగు కలిపిన తొట్టి మూత తీస్తే
కళ్ళ ముందు ఎవరో ఉల్లిపాయలు తరుగుతున్నట్టుంటుంది.
పదకొండేళ్ళుగా నా చొక్కాలు
జేబు దగ్గరే ముందు తెల్లబడతాయి.
గౌసియా పసిదప్పుడు
నేను తలుపు కొట్టకముందే
"నాయనొచ్చాడు" అనేది, ఆ వాసన పట్టి.

కందుకూరికి మూడు రోజులకోసారి కొళాయి.
పామూరు రోడ్డు చివరింటి కొళాయి కింద
గాజు గొట్టం పట్టి మందు చుక్కలేస్తాను.
లేత పసుపు తిరగాలి.
తిరక్కపోతే ఆ పూట నాకు అన్నం సయించదు.
ఒక వానాకాలం తిరగలేదు.
గవర్నమెంటాసుపత్రి వరండాలో
సెలైన్ సీసాలు కిటికీ ఊచలకు వేలాడాయి.
అప్పట్నుంచి నా చెయ్యి
ఎప్పుడూ ఒక చెంచా ఎక్కువే.

మేనత్తతో ఒంగోలు పోయిన గౌసియా
రెండు చేపల్ని తెచ్చుకుంది,
బస్సులో కవరు ఒళ్ళో పెట్టుకొని,
గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులా పైకెత్తి పట్టుకొని.
ఒకదాని పేరు కమలాపండు.
రెండోదానికి ఇంకా ఆలోచిస్తోంది.

శనివారం, తొట్టి గోడలకు పాచి పట్టిందని
కొళాయి రాగానే పాత నీళ్ళు పారబోసి
కొత్తవి పోసింది, అంచుదాకా.
కొళాయి నీళ్ళకు మించినవి లేవని
వార్డు వార్డునా నేను చెప్పే మాటే
ఇంట్లో పిల్ల విన్నది.

నేను డ్యూటీ దిగొచ్చేసరికి
రెండూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి,
పేరు అడిగితే గుర్తురాని వాళ్ళలాగా.
మొప్పల దగ్గర ఎరుపు.
కమలాపండు ఒక పక్కకు ఒరిగి, అట్లాగే ఉండిపోయింది.
పాచినీళ్ళు, పారబొయ్యమని
నేను మూడు రోజులుగా పోరుతున్న కుండ ఒకటుంది మూల.
రెండోదాన్ని అందులో వేశాను.
అడుగుకు పోయింది. కాసేపటికి తోక కదిలించింది.

గౌసియా దగ్గరికొచ్చి
నా చొక్కా వాసన చూసింది.
ఏమీ అనలేదు.

పోస్టాఫీసు సందులో మాలకొండయ్య స్టూడియో.
ఇప్పుడంతా జిరాక్సులూ పాస్‌పోర్టు సైజులూ.
చీకటి గదిలో విరిగిన కుర్చీలు.
చెప్పింది విని, వాటిని దాటుకుంటూ పోయి
తుప్పు డబ్బా ఒకటి తెచ్చాడు.
"హైపో. ఈ ఊరి పెళ్ళిళ్ళన్నీ ఇందులో మునిగి లేచినయ్యే.
ఇది పడకపోతే పెళ్ళికూతురైనా
ఎండ తగలగానే నల్లబడిపోద్ది కాయితం మీద.
నీళ్ళల్లో ఘాటుని కూడా మింగుద్ది.
బక్కెట్టుకి సగం కందిబద్ద. అంతే.
ఎక్కువెయ్యబాక, నీ చెయ్యి సంగతి నాకు తెలుసు."

పటికబెల్లం పలుకులనుకొని
ఎవరూ నోట్లో వేసుకోకుండా
గూట్లో పైన పెట్టాను.

సాయంత్రం బక్కెట్టు ముందు ఇద్దరం కూర్చున్నాం.
గాజు గొట్టం ఆఫీసుది, చెప్పకుండా తెచ్చాను.
ముందు పసుపు.
సగం కందిబద్ద వేసి, చేత్తో కలిపి,
మళ్ళీ పట్టి చుక్కలేశాను.
గౌసియా బల్బుకు అడ్డంగా ఎత్తి చూసింది.
"ఏం లేదు నాయనా."
ఇదే గొట్టం రేపు ఏ.ఈ. గారికి చూపిస్తే
నా చేతికి మెమో వస్తుంది.
"ఇంకోసారి చూడు" అన్నాను.
ఇంకోసారి చూసింది. ఏం లేదు.

మంగళవారం నాలుగింటికి మళ్ళీ మెట్లు.
కింద ఊరంతా నల్లగా, అక్కడక్కడా దీపాలు,
ఆసుపత్రి వరండా బల్బు ఒకటి.
కొలత అయిపోయింది.
చెంచా చేతిలో ఆగింది కాసేపు.
వేశాను, ఎప్పటిలాగే ఇంకొకటి.

తిరిగొచ్చేసరికి రెండోది గాజు తొట్టిలో తిరుగుతోంది.
దానికి పేరు పెట్టిందంట.
నాకింకా చెప్పలేదు.