జీడి గుర్తు

జుమ్మేరాత్ బజారుకి గురువారం పొద్దున ఆరింటికే పోవాలి.
ఎండెక్కితే అబద్ధాలు కూడా ఇస్త్రీ చేసుకుని కూర్చుంటాయి.

తుప్పు తాళాల కుప్పకీ
డయలు లేని టెలిఫోనుకీ మధ్య, గోనె మీద
ఎర్ర జెర్సీ. వీపున తెల్లగుడ్డతో పదకొండు.
"గఫార్ సాబ్‌ది. డెబ్బై నాలుగు ఫైనల్. కసమ్ సే"
అన్నాడు ఖదీర్ భాయ్.
నిరుడు ఇదే నోటితో ఒక బ్యాటుకి ఒట్టేశాడు.
దాంతో ఇప్పుడు మా ఇంట్లో పరుపులు దులుపుతున్నారు.

ఎనిమిది వేల దగ్గర మొదలై మూడున్నరకి తెగింది.
చాయ్ డబ్బులు నావే.

టేబుల్ లైటు కింద తిరగేశాను.
డికాషన్‌లో ముంచి పాతబరిచేవాళ్లుంటారు,
ఆ మరక అంతటా ఒక్కలాగే ఉంటుంది.
మనిషి చెమట అట్లా కాదు,
మెడ పట్టీలో ఒక రంగు, చంకలో ఇంకో రంగు,
ఎండిన చెరువు ఒడ్డులాగా వరసలు వరసలుగా.
అంచు నుంచి ఒక్క పోగు లాగి కాల్చాను
మనసులో క్షమించమని అడిగి.
నైలానైతే ముద్దకట్టేది.
ఇది కాలిన కాగితం వాసనేసి బూడిదైంది.

అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో పాత పేపరు.
గఫార్ గాల్లో ఉన్నాడు, వీపు మనవైపు.
పదకొండులో రెండో ఒకటి కొంచెం కుడికి వాలింది.
నా దాంట్లోనూ వాలింది.
ఆ రాత్రి రెండుసార్లు లేచి బీరువా తెరిచాను.

ఒక్కటే మిగిలింది. కింది అంచు లోపల
నల్లజీడితో మూడు చుక్కలు, ఒక అడ్డగీత.

అంబర్‌పేటలో, మనవడి ఇస్త్రీ బండి పక్కన స్టూలు మీద
అంజిలయ్య. అప్పట్లో ఆ టీం బట్టలన్నీ ఆయనవే.
చూపు ఆనదు. బొటనవేలితో అంచు తడిమాడు.
"గఫారుది గాదు బిడ్డా. గఫారుకు రెండే చుక్కలు.
గీ మూడు చుక్కలోడు దానియేలు, లాలాగూడ పిలగాడు.
రిజర్వు. గాయనదాంట్ల ఉతికేదేముండె?
నీళ్లల్ల ముంచి తీస్తుంటి.
గిదో, ఎనక గిక్కడ్నే, బెంచీ గీరి నూలు లేచేది."

మూడున్నర వేలు నా గొంతులో అడ్డంపడ్డాయి.
ఫోటో సంగతి చెప్పాను.

నవ్వాడు. పళ్లు లేని నవ్వుకి టైం పడుతుంది.
"ఫైనల్ నాడు గఫారు అంగి నడుమిట్ల చినిగె.
పిలగాడు తనది ఇడిచిచ్చిండు.
పద్నాలుగుల నాలుగు ఊడవీకి ఒకటి నేనే కుట్టిన.
మొండి సూది, అవుతల సీటీ కొడ్తున్నరు. గందుకే వంకర."

మరి దానియేలు?

"బనీను మీద కూసుండె.
గోలు పడంగనే అందరికన్న ముందుగాల గాయనే ఉరికె మైదాన్లకు.
అంగి లేదని రిఫరీ బయటికి నూకిండు."

మనవడు పెట్టెలో బొగ్గులు ఊదుతున్నాడు.
జెర్సీ తిరిగిస్తూ ముసలాయన చెయ్యి వదల్లేదు.
"ఉతకకు. ఉతికినవనుకో, ఎవలదో తెల్వకుంట పోతది."

ఇంటికొచ్చి లోపల్నించి బల్బు పెట్టాను.
వాలిన ఒకటి చుట్టూ
ఎండ తగలని ముదురెరుపులో
నాలుగు.
ఇన్ని రోజులు నా కళ్లు ఏం చూశాయో.

కలకత్తా సేఠ్ ఫోన్ చేశాడు.
గఫార్ ఒక్కడిదే అని రాసిస్తే నలభై వేలు.
ఉతికి మడతపెట్టి పంపమన్నాడు.
ఆలోచించలేదని అబద్ధం చెప్పను.
ఆ నెల స్కూలు ఫీజులున్నాయి.

కార్డులో ధరించినవారు అన్న గడి
ఒక్క పేరుకే గీశారెవరో.
అక్షరాలు ఇరికించి రెండూ రాశాను.
గఫార్ పట్టాడు.
దానియేలులో చివరి లు
గీత దాటి బయటికొచ్చింది.