ఒకటంటే ఒకటే టక్

ముందు షాకబ్జార్బర్లు మార్చాను.
తర్వాత బాల్ జాయింట్లు, స్టెబిలైజర్ లింకులు,
ప్రొపెల్లర్ షాఫ్టుకి కొత్త క్రాసు,
ఆఖరికి ముందు చక్రాల యాక్సిళ్లు రెండూ.
నిరుడు కొండ మీది మందలకి వేసిన సూదుల కూలంతా
ఈ ముసలి సుబారు కడుపు కిందే ధారపోశాను.

అంతకు ముందు ఇది పెళ్లివారి బండిలా మోగేది.
అబానో కనుమ ఎక్కుతుంటే
వెనక సీట్లో కాపరులు మాట వినబడక
చేతులతో కబుర్లాడుకునేవాళ్లు.
ఇప్పుడు మూలుగు లేదు, గలగల లేదు.
ఒక్క టక్.
రివర్సు నుంచి ముందుకి మార్చినప్పుడు
ఒకటంటే ఒకటే.
ఎవరో నాలుకని అంగిట్లో కొట్టి
ఊహూఁ, కాలేదు, అన్నట్టు.

కొత్త చెప్పు నాలుగు రోజులు కరుస్తుందన్నాడు మా ఆయన.
నాలుగు వారాలైంది.
సీటు కింద పానాలు, జాకీ, ఎవరో మరిచిపోయిన సారా సీసా
అన్నీ తీసి పెరట్లో పరిచాను.
బండి ఖాళీ.
టక్ మాత్రం ఇంకాస్త తేటగా వినబడింది, పాడుది.
స్టెతస్కోపు తెచ్చి స్ప్రింగు మీద పెట్టాను.
గొర్రె ఊపిరితిత్తిలో నెమ్ము ఏ మూలనుందో చెప్పగలను గానీ
ఇనుముకి పక్కటెముకలు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలి?
యాక్సిలు అమ్మినవాణ్ణి తిట్టాను.
వాడి అంగడిని తిట్టాను.
అది తయారైన దేశాన్ని కూడా ఓ మాటన్నాను.

అల్వానీ ఊరి చివర జుంబెర్ షెడ్డు.
జుంబెర్‌కి ఎడమ చెవి పూర్తిగా పోయింది,
కుడి చెవి ఉరుముల్లో రేడియో.
"చప్పుడు తీసుకెళ్లి చెవిటివాడికి చూపిస్తావా?"
అని ఇంట్లో నవ్వారు.

గోతిలోకి దిగాడు.
పొడుగు స్క్రూడ్రైవరు పిడిని పళ్ల మధ్య కరిచి
మొనని ఒక్కోచోట ఆనించాడు.
పైన మనవరాలు నుత్స, పద్నాలుగేళ్లది,
రెండు కాళ్లతో బ్రేకు తొక్కి పట్టి
గేరు వెనక్కి, గేరు ముందుకి.
బండి అంగుళం కదలదు. టక్ మాత్రం వస్తుంది.
కంట్రోల్ ఆర్మ్ దగ్గర తల అడ్డంగా తిప్పాడు.
గేర్‌బాక్సు కాళ్ల దగ్గరా అడ్డంగానే.
కుడి చక్రం మధ్యలో ఆనించగానే
దవడ అదిరింది, కళ్లు మూసుకున్నాడు.
నాకైతే ఏదో తీపి తింటున్నట్టనిపించింది.

పైకొచ్చి, హబ్ నట్టు మీంచి హబ్ దాకా
సుద్దముక్కతో ఒక గీత గీశాడు.
"మార్చు" అన్నాడు.
టక్.
గీత వెంట్రుకవాసి విరిగింది.

"ఇది బిగించిందెవరు?"
అంగడివాడి పేరు నోటిదాకా వచ్చింది.
"నేనే" అన్నాను.
"పళ్లకి గ్రీజు?"
"పెట్టలేదు."
"పానాకి గొట్టం తొడిగావా?"
తొడగలేదు. ఆ సాయంత్రం చీకటి పడుతోంది,
ఎవరిదో ఆవు అడ్డం తిరిగిందని ఫోనొచ్చింది.
బలం కొద్దీ తిప్పి, చాలనుకుని లేచాను.

విప్పాడు. తుప్పు తుడిచాడు.
వేలి కొసన ఇంత గ్రీజు, పంటి పంటికీ.
కొత్త నట్టు. మోరెడు గొట్టం తొడిగిన పానా మీద
ఇద్దరం వేలాడాం. నుత్స బ్రేకు వదల్లేదు.

"పోయిందా?" అని నన్నడిగాడు.
తలూపాను.
"నాకు ముప్పయ్యేళ్ల కిందటే పోయింది."
డబ్బు తీసుకోలేదు.
కుక్కకి గోమార్ల మందు ఓ సీసా అడిగాడు.

మర్నాడు కనుమ మీద ఎదురుగా ఓ లారీ.
దారిమ్మని మలుపు దాకా వెనక్కి వెళ్లాను.
వాడు దాటాక ముందుకి మార్చాను,
ఊపిరి బిగబట్టి.
మందుల పెట్టెలో సీసాలు తప్ప ఏదీ పలకలేదు.
నమ్మకం చాలక మళ్లీ వెనక్కి,
మళ్లీ ముందుకి.
నా వెనకాల వచ్చి ఆగిన జీపువాడు
హారను మీదే చెయ్యి పెట్టేశాడు.