గది మీద గది

బితోమ్‌లో ఆ చలికాలం
మా రేడియేటర్ మూలిగేదే గాని వేడెక్కేది కాదు.
బాగుచేయడానికి పై అంతస్తు నుంచి పాన్ అలోయిజ్ దిగొచ్చాడు,
చేతిలో పానా, గోళ్ల సందుల్లో బొగ్గు.
గని మూసేసి రెండేళ్లయింది.
బొగ్గుకి ఆ కబురు అందినట్టు లేదు.

నేనప్పుడు శనిగ్రహపు చందమామ మీద ఉన్నాను.
ముందు తుపాకీ కొన,
అడుగున చిన్న చదరంలో
దెబ్బ తగిలినకొద్దీ రక్తమోడే ఒక మగవాడి మొహం.
అది నేనేనట.
ఎర్ర తాళంచెవి దొరికింది, నీలంది లేదు.
తలుపు వెనక ఏదో గురక పెడుతోంది.

"ఓ పిల్లా, పైకి చూడు, కప్పు వైపు" అన్నాడాయన.
"కుదరదు. ఇందులో తలెత్తడం లేదు.
ముందుకి, వెనక్కి, పక్కలకి. అంతే."
పానా కింద పెట్టి కుర్చీ లాక్కున్నాడు.
"మా నాలుగో పొరలోనూ అంతేలే."

అలా మొదలైంది.
గీత గీస్తే గోడ, గోడలు కలిస్తే గది.
ఆయన చెబుతుంటే నేను కట్టుకుంటూ పోయాను:
దీపాలిచ్చే కిటికీ,
కప్పు నుంచి గొలుసులకి బట్టలు వేలాడే స్నానాల హాలు
(బట్టల బొమ్మ లేక ఉరితీసిన సైనికుణ్ణి వేలాడదీశాను,
వద్దన్నాడు, తీసేశాను),
పంజరం దిగే బావి,
గుర్రాలు పోయి నలభై ఏళ్లయినా
అందరూ గుర్రాల సందు అనే పిలిచే సొరంగం.
"ఇక్కడ దుంగ ఎడమకి వాలి ఉంటుంది.
ఇక్కడ నీళ్లు కారతాయి, మెట్టు వేయకు, జారతారు."
"ఎవరు జారతారు?" అని నవ్వాను.
ఆయన నవ్వలేదు.

"రాక్షసుల్ని ఎక్కడ పెట్టమంటారు?"
చాలాసేపు ఆలోచించాడు.
"పేలుడుమందు గదిలో ఒకటి.
మేనేజర్ ఆఫీసులో ఎన్ని పడితే అన్ని."

రేడియేటర్ సంగతి ఇద్దరం మర్చిపోయాం.
మూడు కోట్లు తొడుక్కుని కూర్చునేవాళ్లం.

ఫిబ్రవరిలో ఒక రాత్రి అన్నాడు:
"ఇక దీని కింద, ఆరొందల మీటర్ల పొర."
"కుదరదు."
"మళ్లీనా?"
"ఈ యంత్రానికి గది మీద గది తెలియదు పాన్ అలోయిజ్.
ఒక చోటుకి ఒకటే నేల, ఒకటే కప్పు.
కిందది పక్కన కట్టాలి.
మధ్యలో ఒక మెరుపు పెడతాను, దాన్ని తొక్కితే అక్కడ తేలతాం.
దిగామనుకోవాలి."

ఆయన స్క్రీన్ దగ్గరికి వంగాడు.
"అంటే ఈ కప్పు మీద ఏమీ లేదా?"
"లేదు."
"రాయి?"
"లేదు."
"ఇసుక, నీళ్లు, మన వీధి, ట్రాము పట్టాలు?"
"ఏమీ లేదు. ఆకాశం కూడా."
గాజు మీద వేలు ఆనించాడు. వేలిముద్ర నల్లగా పడింది.
"అయితే ఎవల్డ్‌ని ఇక్కడ నిలబెట్టు."

మా మెట్ల కింద మూడో తపాలా పెట్టె మీద
ఆ పేరు ఇంకా ఉంది.
కరెంటు బిల్లులు ఇంకా వస్తాయి.
నాలుగు రోజులు తవ్వి ఆపేశారని తెలుసు,
తవ్విన వాళ్లలో ఈయన ఉన్నాడని
ఆ వేలిముద్ర చూసేదాకా తెలియదు.

మనుషుల బొమ్మలు వెతికాను.
ఆ ఆటలో చంపాల్సినవి ఉన్నాయి, చచ్చిపడినవి ఉన్నాయి.
ఊరికే నిలబడినవాడు లేడు.
ఒక దీపస్తంభం పెట్టాను చివరికి,
దాని పక్కన ఒక మందులపెట్టె,
మిగతా గోడలాగే కనిపించే ఒక తలుపు.

ఆయన ఒక్కసారే ఆడాడు, రెండు చూపుడువేళ్లతో.
తుపాకీ పేల్చలేదు.
మేనేజర్ ఆఫీసు ముందు మాత్రం కాస్త ఆగాడు.
గుర్రాల సందులో తల వంచుకుని నడిచాడు,
కుర్చీలో కూడా వంచుకునే ఉన్నాడు.
మెరుపు తొక్కాడు. గోడ తట్టాడు. తెరుచుకుంది.

మందులపెట్టె ముట్టుకోలేదు.
మనం కదలకపోతే ఆ ఆటలో అడుగున ఉన్న మొహం
కుడికి చూస్తుంది, ఎడమకి చూస్తుంది,
మళ్లీ కుడికి.
ఎంతసేపు చూసిందో.
అమ్మ వచ్చి, ఇంకా పడుకోలేదా అని అరిచేదాకా.

లేస్తూ అడిగాడు, "దాచిపెట్టొచ్చా దీన్ని?"
ఫ్లాపీ పెట్టాను.
ఎనిమిది అక్షరాలు దాటితే పేరు పట్టదు ఆ యంత్రానికి.
మా లిపిలో ఐదు చాలాయి.