చుక్క

మా గునుపూరులో స్లైడంటే రెండు రకాలు.
ఒకటి గాజుది, మలేరియా వాళ్ళది,
వేలు పొడిచి పూసిన నెత్తురు ఎండిన మరక.
రెండోది అట్టచట్రంలో బిగించిన రంగు ఫిల్ము.
మా మావ దాలినాయుడు రెండూ తీసేవాడు.
ఒకే సంచిలో మోసేవాడు
కొండెక్కి, సవర గూడేలకి.

ఆయన పోయాక మిగిలింది క్లోరోక్విన్ డబ్బా.
అడుగున బియ్యం గింజలు, చెమ్మ పట్టకుండా.
పైన రెండొందల పన్నెండు బొమ్మలు.
కొన్నిటికి బూజు పట్టి పాకింది
వంశధార పాయల్లాగ.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఎనోకు రైతా వచ్చాడు.
పుట్టాసింగి ఆస్పత్రిలో రక్తం చూసే పని అతనిది.
ఒక్కోటీ ట్యూబులైటు కెత్తి చూసి
నలభై మూడో దాని దగ్గర ఆగిపోయాడు.
"మా అవ్వ. సుంబారి."
వేలు చాపి ఉంది, మొహం పక్కకి తిప్పుకొని.
"ఆవిడది ఇదొక్కటే. ఇంత కావాలి" అని
రెండు చేతులూ బార్లా చాపాడు.

ఒకటిన్నర అంగుళం ఫిల్ము, మూడడుగుల గోడ.
పాతికింతలు.
పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించగా మిగిలిన ముక్క వెనక లెక్కేశాను.
అంగుళానికి నాలుగువేల చుక్కలు చదివితేగాని
గోడ మీద మనిషి మనిషిలా నిలవదు.

పల్చటి పెట్టె స్కానరు పద్దెనిమిది వేలకొస్తుంది.
అట్ట మీద ఆరువేల నాలుగొందలని అచ్చేశారు,
చదివేది రెండువేలు దాటదు.
సంతలో తవ్వ లాంటిది,
అడుగు లోపలికి నొక్కి ఉంటుంది.
కలకత్తాలో డ్రమ్ముకి చుట్టి చదువుతారట, నూనె రాసి,
ఒక్కోదానికి రెండున్నర వేలు.
నూనె రాయడానికి అవ్వని పోస్టులో పంపడం
ఎనోకు ఒప్పుకోలేదు. నాకూ మనసు రాలేదు.

జిరాక్సు సాహు దగ్గర పెట్టె అరువు తెచ్చి చూశాను ముందు.
దుమ్ము తుడిచే మీట నొక్కాను.
తళతళలాడింది అవ్వ. ఒక గీత లేదు, బూజు లేదు.
ఎనోకు తెర మీదికి వంగి చాలాసేపు చూసి
"చుక్కేదీ?" అన్నాడు.

వేలి కొన మీద, సూది దిగిన చోట లేచిన నెత్తురు చుక్క.
యంత్రం దాన్నీ దుమ్మే అనుకుంది.
పక్క నుంచి చర్మం రంగు తెచ్చి పూడ్చేసింది.
"రోజుకి నలభై చూస్తాను కదమ్మా,
నా కన్ను ముందు అక్కడికే పోతుంది" అన్నాడు.
నవ్వాడో లేదో తెలీలేదు.

బరంపురం వెళ్ళాను.
పెళ్ళిళ్ళ స్టూడియో మూసేసిన పాణిగ్రాహి ఇంట్లో
పరుపుల కింద ఉంది ఫిల్ము స్కానరు.
పాత కంప్యూటరుతోనే పలుకుతుంది, కొత్తవాటితో అలుగుతుంది.
ఒడియాలో మొదలెట్టి తెలుగులో తెగ్గొట్టుకున్నాం బేరం,
రెండూ కలిపి ముప్పై ఎనిమిది వేలు.
పర్లాకిమిడి దాకా ఒళ్ళో పెట్టుకునే వచ్చాను,
పక్కసీటు పిల్ల వాంతి చేసుకుంటే కొంగు అడ్డం పెట్టి.

ఇది నీడల్లోకి దిగుతుంది.
పెట్టెకి కటిక నలుపైన గుమ్మంలో
ఎర్రమట్టి గోడ, దాని మీద పిండితో గీసిన గుర్రాలు,
ఇంకా లోపల ఎవరిదో మోచెయ్యి.
ఎవరిదో ఎనోకుకీ తెలీదు.

దుమ్ము మీట జోలికి పోలేదు.
మూడు రాత్రులు కూర్చుని ఒక్కో నలుసూ చేత్తో తీశాను,
అనుమానమొస్తే ఫోన్లో అడిగి.
చెంప మీది మచ్చ ఉంచమన్నాడు.
కొప్పు దగ్గరి తెల్లచుక్క
పువ్వో బూజో ఎటూ తేలక, అలాగే ఒగ్గేశాను.

విశాఖలో నూలు కాగితం మీద అచ్చయి వచ్చింది.
చెయ్యి ఎంతో అంతే ఉంది.
కొన మీద చుక్క, పెసరగింజంత.
ఎనోకు తన వేలు దాని పక్కన పెట్టి చూసుకుని,
చుట్టచుట్టి నీళ్ళగొట్టంలో దూర్చి
బండికి అడ్డంగా కట్టుకుపోయాడు.

ఇంకా రెండొందల పదకొండు.
ఒక్కోదానికి పద్నాలుగు నిమిషాలు,
కరెంటుంటే.