యార్డు సెలవు

మే నెల. మిర్చి యార్డు గేటుకి తాళం.
గుంటూరు మొత్తానికి ఒక్కసారిగా తుమ్ములు ఆగినట్టుంది.
తలా నూట ఇరవై వేసుకుని
బాజీ ట్రాలీ ఆటో ఎక్కాం, పదకొండు మందిమి.
మస్తాన్‌బీ ఒళ్లో మనవడు లెక్కలో లేడు.
నేను తప్ప అందరూ తొడిమలు తీసే ఆడవాళ్లే.
నేను కాటా దగ్గర అంకెలు రాసేవాణ్ని.

చేబ్రోలు దాటగానే పులిహోర డబ్బా మూత తీసింది దీనమ్మ.
పొన్నూరు వచ్చేసరికి డబ్బా ఖాళీ.
"సముద్రం దగ్గర తిందామనుకున్నాం కదే?"
"సముద్రం యాడికి పోద్ది? ఆకలే ఆగదు."

బాపట్ల తర్వాత సరుగుడు తోటలు.
గాలి తడి బట్టలా మొహానికి తగిలింది.
మస్తాన్‌బీ అలవాటుగా కొంగు ముక్కుకి చుట్టుకుని
మళ్లీ ఏదో గుర్తొచ్చి విప్పింది.

సూర్యలంకలో మాకన్నా ముందే ఊరంతా దిగి ఉంది.
అరండల్‌పేట కార్లు, కొరిటెపాడు స్కూటర్లు,
మొక్కజొన్న పొత్తుల పొగ, గుర్రం మెడలో ప్లాస్టిక్ పూలు,
ఈల ఊదీ ఊదీ బుగ్గలు వాచిన కానిస్టేబులు.
కొత్త జంట ఒకటి ఇసుకలో పేర్లు రాసుకుంటుంటే
అల వచ్చి అడ్డంగా కొట్టేసింది,
మా కొట్లో తీరిన బాకీని కొట్టేసినట్టు.

నాంచారమ్మ మోకాళ్ల దాకా వెళ్లి
రెండు చేతులూ నీళ్లలో ముంచింది.
ముంచినంత వేగంగా తీసింది.
"ఇదీ మండుతుందే!"

పన్నెండేళ్లుగా మిరపకాయ కొరికిన వేళ్లు.
పెరుగు రాసినా, కొబ్బరినూనె రాసినా
పసివాడి కన్ను తుడవడానికి పనికిరాని వేళ్లు.
ఒకరి వెనక ఒకరు వచ్చి ముంచారు.
అబ్బా, అమ్మా, యా అల్లా, ప్రభువా,
ఆ తర్వాత ఎందుకో నవ్వులు.
సెల్ఫీ కుర్రాళ్లు ఫోను దించి
తిరిగి చూసేంత నవ్వులు.

నేను ఒడ్డున చెప్పులకి కాపలా.
పది జతలు. నావి కాళ్లకే ఉన్నాయి.

"గుమాస్తా గారూ, కాసేపుంచితే తగ్గుతోంది!"
నిజమో కాదో నాకు తెలీదు.
నా చేతులు ఎప్పుడూ మండలేదు.
వాళ్లు ఒలిచిన కిలోల్లోంచి
అరకిలో తరుగు రాసేది ఈ చేతులే.
చెప్పులు వదిలేసి వెళ్దామనిపించింది.
వెళ్లలేదు.

మంచినీళ్ల బకెట్టు ముప్పై రూపాయలు.
ఒక్క బకెట్టుతో పదిమందీ కాళ్లు కడుక్కున్నారు,
చేతులు మాత్రం అలాగే ఉంచుకున్నారు.

తిరుగు దారిలో
ఒకళ్ల మీద ఒకళ్లు వాలి నిద్ర.
దీనమ్మ ఖాళీ డబ్బాలో గవ్వలు, గతుకు వచ్చినప్పుడల్లా చప్పుడు.
నిద్రలో మనవడు కన్ను నలుపుకుంటుంటే
మస్తాన్‌బీ వాడి చెయ్యి పక్కకి తీసి,
రెప్ప మీది ఇసుకని
తన వేలితో, ఉత్త వేలితో, తుడిచింది.

వాడు ఏడవలేదు.

చేబ్రోలు దీపాలు కనబడేదాకా
నేను ఆ వేలి వైపే చూస్తూ కూర్చున్నాను.